పత్తి మందూ, పిడుదూ, మా చిట్టెమ్మా

పోయిన ఆదివారం పొద్దున్నే ఒక పాత మిత్రుడు ఫోను చేశారు. కుశల ప్రశ్నలయ్యాక అసలు సంగతికి వచ్చారు. "కుక్కకు పిడుదులు విపరీతంగా పట్టాయండీ. చెవుల్లోనూ, వేళ్ళ సందుల్లోనూ గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. పురుగుమందుల కొట్టుకు బయలుదేరుతున్నాను. ఏమని అడగమంటారు?"

"ఏమీ అడగకండి. అసలు ఆ కొట్టు మెట్టే ఎక్కకండి," అన్నాను.

నా గొంతులో ఏం ధ్వనించిందో ఏమో, ఆయన కాసేపు మాట్లాడలేదు. ఫోనులో చెప్పగలిగినంత చెప్పాను గాని నాకు తృప్తి కలగలేదు. ఇక్కడికి పద్యాల కోసమూ, పాత పుస్తకాల కబుర్ల కోసమూ వచ్చే మిత్రులు ఈ టపా చూసి, ఈయనకేమయింది, పశువైద్యంలోకి దిగాడు అనుకోవచ్చు. నేను పశువైద్యుణ్ణి కాను. నా చేతులతో ఒక ప్రాణం తీసినవాణ్ణి. ఆ అర్హతతోనే ఇది రాస్తున్నాను.

మా యింట్లో అప్పట్లో ఒక కుక్కా, ఒక పిల్లీ ఉండేవి. కుక్క పేరు సింగడు. వీధిలో పుట్టిన నాటు కుక్క. గేటు తీసి ఉంటే చాలు బయటికి పోయేది, ఏ పనీ లేకుండానే తిరిగి వచ్చేది. సింగడు అద్దంకి పోనూ పోయాడు, రానూ వచ్చాడన్న సామెతను ఒంగోలు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు గనుక ఆ పేరు దానంతటదే స్థిరపడింది. పిల్లికి చిట్టెమ్మ అని మా అమ్మ పేరు పెట్టింది. కుక్కకూ పిల్లికీ పడదంటారు గాని, ఈ రెండూ మధ్యాహ్నం పూట వసారాలో కడప బండల మీద ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోయేవి.

ఒక ఏడు రోహిణీ కార్తెలో సింగడికి పిడుదులు పట్టాయి. రోజూ సాయంత్రం దాన్ని ముందు కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే పీకి కిరసనాయిలు గిన్నెలో వేసేవాణ్ణి. రక్తం తాగి బలిసిన పిడుదు అచ్చం ఆముదపు గింజలా ఉంటుంది. (ఈ పోలిక నాది కాదు. లాటిన్ భాషలో రిసినస్ అంటే పిడుదు. గింజ అలా ఉంటుందనే ఆముదపు చెట్టుకు శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు.) ఈరోజు యాభై పీకితే రేపు మళ్ళీ యాభై ఉండేవి. మా పెదనాన్నగారి అబ్బాయి పర్చూరు వైపు పత్తీ, మిరపా వేస్తాడు. పనిమీద ఊళ్ళోకి వచ్చి నా అవస్థ చూసి నవ్వాడు. "దీనికింత తంటా ఎందుకన్నయ్యా? చేనుకు కొట్టగా మిగిలిన సీసా ఉంది, పంపిస్తాను. బకెట్టు నీళ్ళలో ఒక మూత పోసి తుడువు. పచ్చపురుగే చస్తుంటే ఇదెంత?" అన్నాడు.

అతను ఒక మూత అన్నాడు. నేను రెండు మూతలు పోశాను.

సింగడు చొంగ కార్చింది, గోడకు ఒళ్ళు రాచుకుంది, కాసేపు తూలుతూ తిరిగి ఒక మూల పడుకుంది. సాయంత్రానికి పిడుదులు వరసగా రాలిపోవడం మొదలుపెట్టాయి. చీపురుతో ఊడ్చి ఎత్తాను. ఆ సాయంత్రం నేనెంత సంతోషించానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. చిట్టెమ్మ ఎప్పటిలాగే వచ్చి ఆ తడి ఒంటిని ఆనుకుని పడుకుంది. లేచాక, పిల్లులన్నీ చేసే పనే, తన ఒళ్ళంతా నాకి శుభ్రం చేసుకుంది.

రాత్రి తొమ్మిది దాటాక దాని చెవులు అదరడం మా అమ్మ గమనించింది. తరవాత పాదాలు విదిలించింది. తరవాత ఒళ్ళంతా వణుకు. ఎవరినో పట్టుకుని ఒక పశువైద్యుడికి ఫోను చేస్తే, వెంటనే సబ్బు నీళ్ళతో కడిగి తీసుకురమ్మన్నారు. కడిగాము. దారిలో మూర్ఛలు వచ్చాయి. ఆయన చేయగలిగినంతా చేశారు. తెల్లవారుజామున అది పోయింది. మా అమ్మ ఒకే మాట అడిగింది: "పిల్లికి మనం మందేమీ పెట్టలేదు గదరా?"

ఆ సీసాలో ఉన్నది సైపర్‌మెత్రిన్. చేమంతి జాతికి చెందిన ఒక పువ్వులో సహజంగా ఉండే విషాన్ని చూసి మనుషులు ప్రయోగశాలలో తయారు చేసిన పైరెత్రాయిడ్ల కుటుంబంలోది. పురుగు నరాలను ఆగకుండా ఉద్రేకపరచి చంపడం దీని పని. కుక్క కాలేయం ఈ మందును చాలావరకు విరిచేసి బయటికి పంపగలదు. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఒక ఎంజైము చాలా తక్కువ. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలగడానికి కారణం కూడా చాలామటుకు ఇదే. అందుచేత ఈ జాతి మందుల్లో పెర్మెత్రిన్ కలిపి కుక్కల కోసమే తయారుచేసి, మెడ వెనక చర్మం మీద వేయమని అమ్మే చుక్కల మందు కూడా పిల్లికి ప్రాణాంతకం. దాని పెట్టె మీద పిల్లి బొమ్మకు అడ్డగీత కొట్టి ఉంటుంది. మా సీసా మీద అసలు జంతువు బొమ్మే లేదు. పత్తికాయ బొమ్మ ఉంది.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనమే అయితే ఇంట్లోనే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. తరవాత వాకబు చేస్తే మా చుట్టుపక్కల ఇలా చేయని ఇల్లు తక్కువని తెలిసింది. మనది పత్తీ, మిరపా పండే నేల. మందు డబ్బా మన ఇళ్ళలో పప్పు డబ్బా అంత సామాన్యమైన వస్తువు. పురుగు అంటే మందు కొట్టాలి, చావకపోతే ఇంకాస్త కొట్టాలి, అప్పటికీ చావకపోతే రెండు మందులు కలిపి కొట్టాలి. చేను దగ్గర పట్టుబడిన ఈ బుద్ధి ఇంటి వసారా దాకా నడిచి వచ్చింది. వెనకటి తరం గమాక్సిన్ పొడి చల్లేది, కుక్క ఒంటికి కూడా పూసేది. 1997లో దాన్ని దేశంలో నిషేధించారు. పొడి పోయింది, బుద్ధి పోలేదు.

ఈ బుద్ధికి మన జిల్లాలు ఇంతకుముందే ఒకసారి భారీగా మూల్యం చెల్లించాయి. 1980ల మొదట్లో పైరెత్రాయిడ్లు మన పత్తిచేలకు కొత్తగా వచ్చినప్పుడు అవి దేవుడిచ్చిన వరంలా కనిపించాయి. కొట్టిన మర్నాడే పురుగు రాలిపోయేది. రైతులు లెక్కకు మించి కొట్టారు. పచ్చపురుగు మందుకు అలవాటు పడింది. పురుగును తినే పురుగులు ముందు చచ్చాయి, అడ్డు లేని తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి పంట సర్వనాశనమయింది. అప్పుల పాలయిన రైతులు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆనాటి కథలు విన్న మనం, 2021లో మిరపచేలను నల్ల తామర పురుగు ఊడ్చుకుపోవడం చూసిన మనం, ఒక సీసా విషం మరొక సీసా విషాన్ని పిలుచుకొస్తుందన్న సంగతి ఇతరుల కన్న బాగా ఎరిగి ఉండాలి గదా. అయినా కుక్క దగ్గరికి వచ్చేసరికి నేను రెండో మూత పోశాను.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. మా తమ్ముడు కూడా అదే అడిగాడు. "డాక్టరు ఇచ్చే మందులోనూ అదే రసాయనం ఉంది గదన్నయ్యా, తేడా ధర లోనేనా?" ఆ ప్రశ్నలో సగం నిజముంది. మిరపలో తామర పురుగుకు కొట్టే ఫిప్రోనిల్‌నే కుక్కల చుక్కల మందులోనూ వాడతారు. పత్తిలో రసం పీల్చే పురుగులకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ కూడా కుక్కలకూ పిల్లులకూ వాడే మందుల్లో ఉంది. కాని సీసాలో రసాయనం ఒక్కటే ఉండదు. ఆకుకు అంటుకోవాలనీ, నీటిలో కలవాలనీ చేనుమందులో జైలీన్ వంటి ద్రావకాలు కలుపుతారు. అవి చర్మాన్ని కాలుస్తాయి, నాకితే ఊపిరితిత్తుల దాకా చెరుపుతాయి. ఎకరాకు ఎంత అని లెక్కగట్టిన గాఢత అది. పశువైద్యం మందుకు కిలో బరువుకు ఎంత అని లెక్క. ఎకరాల్లోంచి కిలోల్లోకి మూతతో కొలిచి మార్చడం ఎవరి తరమూ కాదు. ఇంకొక మాట. ఫిప్రోనిల్ కుందేలుకు విషం. పశువులకు గోమార్లు పోవడానికి వాడే అమిట్రాజ్ పిల్లికి పనికిరాదు. మందు ఒకటే అయినా ప్రాణులు ఒకటి కావు.

పొగాకు మాట కూడా చెప్పాలి, లేకపోతే ఒంగోలు వాళ్ళు ఊరుకోరు. పొగాకు కషాయంతో తుడిస్తే పిడుదులు పోతాయని మా వైపు పెద్దల నమ్మకం. పోతాయి కూడా. నికోటిన్ పురుగు నరాల మీద పనిచేసే అసలు సిసలు విషం. కాని ఆ కషాయంలో అది ఎంత ఉందో కాచినవాళ్ళకే తెలియదు, తుడిపించుకున్న కుక్క ఒళ్ళు నాక్కోకుండా ఉండదు. ప్రకృతిలోంచి వచ్చింది గనుక మంచిదనే వాదం నాకెప్పుడూ అర్థం కాలేదు. గన్నేరుపప్పు కూడా ప్రకృతిలోంచే వచ్చింది. వేపనూనె పురుగును కొంత దూరంగా ఉంచుతుందేమో గాని, పట్టి కూర్చున్న పిడుదును రాల్చేంత శక్తి దానికి లేదు. పిల్లి ఒంటికి పచ్చి వేపనూనె పూయడం కూడా క్షేమం కాదు.

ఇంతకీ నేను చేసిన అసలు పొరపాటు మందులో లేదు, నా చూపులో ఉంది. పిడుదు కుక్క మీద ఉందనుకున్నాను. పిడుదు ఉన్నది మా యింట్లో.

కుక్కల పిడుదు గోధుమ రంగు పురుగు. గుడ్డులోంచి బయటికి వచ్చినప్పుడు దానికి ఆరు కాళ్ళే. ఒకసారి కుక్క రక్తం తాగి, కిందికి దిగి, ఏ పగులులోనో దాక్కుని పొర విడిచి ఎనిమిది కాళ్ళదవుతుంది. రెండోసారి కుక్కనెక్కి తాగి, మళ్ళీ దిగి, మళ్ళీ పొర విడుస్తుంది. మూడోసారి ఎక్కి ఆడది కడుపునిండా తాగి దిగిపోయి గోడ ఎక్కుతుంది. గోడ మీద వేలాడే కేలెండరు వెనక, తలుపు చట్రం సందులో, నులకమంచం అల్లికలో, కడప బండల మధ్య సిమెంటు ఊడిన చోట గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. నాలుగు వేల దాకా పెడుతుంది. మన ఉక్క వేసవిలో ఈ కథంతా ఇంచుమించు రెండు నెలల్లో ముగిసి మళ్ళీ మొదలవుతుంది. తిండి లేకపోయినా పెద్ద పిడుదు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైన కూడా బతుకుతుంది. కుక్క ఒంటి మీద మనకు కనిపించే యాభై పిడుదులు పెళ్ళిపందిట్లో భోజనానికి కూర్చున్న ఒక బంతి మాత్రమే. తక్కిన బంధువర్గమంతా విడిదింట్లో ఉంది. నేను ప్రతి సాయంత్రం ఆ ఒక్క బంతినే లేపుతూ వచ్చాను.

ఎనిమిది కాళ్ళంటే గుర్తొచ్చింది. కర్ణుడి తొడను తొలిచిన పురుగు కథ మనందరికీ తెలుసు. గురువు తన ఒడిలో తలపెట్టి నిద్రపోతుంటే కదిలితే లేస్తాడని ఓర్చుకున్నాడు. వ్యాసభారతం శాంతిపర్వంలో ఆ పురుగు పేరు అలర్కం. దానికి ఎనిమిది కాళ్ళనీ, వాడి కోరలనీ, ఒళ్ళంతా సూదుల్లాంటి రోమాలనీ వర్ణన ఉంది. ఆరు కాళ్ళ తేనెటీగో తుమ్మెదో కాదన్నమాట. ఇంకా విచిత్రమేమిటంటే సంస్కృత నిఘంటువుల్లో అలర్కమంటే పిచ్చికుక్క అనే అర్థం కూడా ఉంది. కరిచే పురుగుకూ కరిచే కుక్కకూ ఒకే పేరు ఎలా వచ్చిందో భాషాశాస్త్రం తెలిసిన మిత్రులు చెప్పాలి. నాకు మాత్రం ఆ కథలో ఒక సంగతి ఇప్పుడు కొత్తగా కనిపిస్తుంది. కర్ణుడు కదలలేదు సరే, పురుగు నెమ్మదిగా తొలుచుకుంటూ పోయింది, చివరికి బయటపెట్టింది రక్తం. మా సింగడి విషయంలోనూ అంతే జరిగింది.

చిట్టెమ్మ పోయిన మూడు నెలలకు సింగడు అన్నం మానేసింది. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. చిగుళ్ళు పాలిపోయాయి. రెండో రోజు ముక్కులోంచి రక్తం కారింది. డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి ఎర్లిషియా అన్నారు. పిడుదు కాటుతో రక్తంలోకి చేరే సూక్ష్మజీవి అది. రక్తాన్ని గడ్డకట్టించే కణాలు పడిపోవడం వల్ల ముక్కు కారింది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు కుక్కలు వందల సంఖ్యలో చచ్చిపోయింది ఈ జబ్బుతోనే. పిడుదులు మోసుకొచ్చే మరో జబ్బు బబీసియా. దాని చరిత్రలో మన పాత మద్రాసు రాష్ట్రానికి ఒక స్థానముంది. 1910లో పాటన్ అనే శాస్త్రజ్ఞుడు మద్రాసు వేటబృందం వారి కుక్కల రక్తంలో దాని ఒక జాతిని మొట్టమొదట గుర్తించాడు. తరవాత నక్కల రక్తంలోనూ చూశాడు. అది నేటికీ బబీసియా గిబ్సొనీ అనే పేరుతో దేశమంతటా కుక్కలను పీడిస్తోంది. పిడుదు జబ్బును మోస్తుందన్న సంగతి మాత్రం అంతకుముందే, 1893లో, థియొబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అమెరికాలో పశువుల మీద రుజువు చేశారు. కాలుగల పురుగులు రోగాన్ని ఒక ప్రాణి నుంచి మరో ప్రాణికి మోస్తాయని తిరుగులేకుండా నిరూపించిన తొలి ప్రయోగాల్లో అదొకటి. దోమ మలేరియాను మోస్తుందని రాస్ కనిపెట్టడానికి నాలుగేళ్ళ ముందు మాట.

సింగడికి నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ ఇచ్చాము. టెట్రాసైక్లిన్ కుటుంబంలోది ఆ మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1945లో లెడర్లీ ప్రయోగశాలలో డగ్గర్ కనిపెట్టినప్పుడు, అక్కడి పరిశోధనలన్నిటికీ నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మాత్రను బెల్లంలో దాచి పెడుతూ రోజూ ఆయన్ను తలుచుకునేవాణ్ణి. సింగడు బతికింది. అందరికీ అలా జరగదు. ఆలస్యమయితే ఎముకల్లోని మూలుగ దెబ్బతిని ఏ మందూ పనిచేయని దశ వస్తుంది. బబీసియా అయితే ఈ ఒక్క మందు చాలదు, వేరేవి కావాలి. అందుకే పిడుదులు పట్టిన కుక్క ఒక పూట అన్నం మానేస్తే రేపు చూద్దామనుకోకూడదు.

ఇక ఒక వాదం ఉంది. మా వీధిలో పెద్దలు తరచు అనేది. "సీమ కుక్కలకయితే ఇవన్నీ గాని, నాటు కుక్కకు ఎందుకయ్యా? ఒంగోలు గిత్తకు గోమార్లు పట్టి చచ్చిందని ఎప్పుడయినా విన్నావా?" ఇందులో కొంత పౌరుషం, కొంత సత్యం కలిసి ఉన్నాయి. ఒంగోలు జాతి పశువు ఎండకూ, గోమార్లకూ తట్టుకుంటుందన్నది లోకమంతా ఎరిగిన విషయం. సీమ పశువులు గోమార్లతో అల్లాడే నేలల్లో ఇది నిలిచింది గనుకనే బ్రెజిలు వాళ్ళు ఏరి కోరి తీసుకుపోయి పెంచుకున్నారు. వాళ్ళు దాన్ని నెలోరె అంటారు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి. 1960ల ఆరంభంలో అక్కడికి చేరిన ఒక ప్రసిద్ధమైన ఆబోతుకు మన కరవది గ్రామం పేరే పెట్టుకున్నారు.

అయితే ఆ తట్టుకునే శక్తి ఆకాశంలోంచి పడలేదు. ఆ జాతి వేల ఏళ్ళుగా గోమార్లతో కలిసి బతికింది, తట్టుకోలేనివి చచ్చిపోగా మిగిలిన సంతతి అది. వదులుగా ఉండే చర్మాన్ని టక్కున అదిలించగలదు, నాలుకతో నాకి పిడుదు పిల్లలను రాల్చేస్తుంది, దాని రక్తం పిడుదు ఉమ్మికి ఎదురు తిరుగుతుంది. ఇన్ని ఉన్నా దానికి గోమార్లు పట్టకుండా ఉండవు, తక్కువగా పడతాయి, అంతే. వీధిలో తిరిగే నాటు కుక్కకూ ఇలాంటి సహనం కొంత ఉంది. కాని మనం దాన్ని తెచ్చి గొలుసు వేసి, పిడుదులు గూడు కట్టిన వసారాలో ఒకే గోనెపట్టా మీద ఏడాది పొడుగునా పడుకోబెడతాము. చోటు మార్చుకునే స్వేచ్ఛ తీసేసుకున్నాక, తట్టుకునే శక్తి ఉంది గదా నీకు, తట్టుకో అనడం ఏం న్యాయం?

అందుచేత నా అభిప్రాయం చెబుతాను. కుక్కను తెచ్చుకున్నవాడు అన్నం ఖర్చుతో పాటు పిడుదు మందు ఖర్చు కూడా లెక్క వేసుకుని తెచ్చుకోవాలి. పట్టాక వదిలించడం కాదు, పట్టకుండా ఏడాది పొడుగునా చూడటం. మన వైపు చలి పురుగును చంపేంతగా ఉండదు గనుక ఏ నెలా సెలవు లేదు. ఇప్పుడు నోటితో మింగించే మాత్రలు వచ్చాయి. ఐసోక్సాజొలిన్ల జాతి. 2013-14 ప్రాంతంలో ప్రపంచ మార్కెట్లోకి వచ్చాయి, ఇప్పుడు మన ఊళ్ళ మందుల కొట్లలోనూ నెక్స్‌గార్డ్, సింపారికా, బ్రావెక్టో వంటి పేర్లతో దొరుకుతున్నాయి. కొన్ని నెలకొకసారి, ఒకటి పన్నెండు వారాలకొకసారి. పిడుదు కరిచి రక్తం తాగగానే చస్తుంది, గుడ్లు పెట్టడానికి గోడ దాకా వెళ్ళదు. చిట్టెమ్మ విషయం మనసులో పెట్టుకున్న నాకు వీటిలో నచ్చిన గుణం ఒకటుంది: ఒంటి మీద తడి ఉండదు, పక్కన పడుకున్న పిల్లి నాకడానికేమీ మిగలదు.

ఇవీ దోషం లేనివి కావు. కొన్ని కుక్కలకు వణుకూ, మూర్ఛలూ రావచ్చునని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మూర్ఛల చరిత్ర ఉన్న కుక్కకు వైద్యుణ్ణి అడగకుండా వేయకూడదు. చాలా మాత్రలు ఎనిమిది వారాలు నిండని కూనలకు పనికిరావు. పైగా పిడుదు కరిచాకే చస్తుంది గనుక, కొద్ది గంటల్లోనే రక్తంలోకి దిగే ఎర్లిషియాను పూర్తిగా ఆపుతాయని చెప్పలేము. ఖరీదు కూడా ఎక్కువే, కాదనను. కాని ముక్కులోంచి రక్తం కారిన కుక్కకు పరీక్షలకూ, సెలైన్లకూ నేను పెట్టిన ఖర్చుతో ఎన్నేళ్ళ మాత్రలు వచ్చేవో లెక్క వేసుకుని మానేశాను.

మాత్రతో పాటు ఇల్లు. మేము వసారా బండల సందులన్నీ సిమెంటుతో పూడ్పించాము. నులకమంచం ఎత్తేశాము. గోనెపట్టా బదులు ఉతకగలిగే దుప్పటి, వారానికొకసారి మరిగే నీళ్ళలో. చేత్తో పీకవలసి వస్తే చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగడం, సబ్బు నీళ్ళలో వేయడం. కాల్చిన పుల్ల పెట్టడం, కిరసనాయిలు పూయడం, గోళ్ళ మధ్య చిదమడం, ఇవేవీ చేయకూడదు.

పిల్లులకు ఈ పిడుదు అంతగా పట్టదు. వాటి పీడ ఫ్లీ అనే గంతులేసే పురుగు. చిత్రంగా కుక్కల మీద ఉండేది కూడా చాలావరకు ఆ పిల్లి ఫ్లీయే. దాని కథా ఇంతే: కంటికి కనిపించే పెద్దవి నూటికి ఐదు, తక్కినవన్నీ గుడ్లుగా, పిల్ల పురుగులుగా పక్కదుప్పట్లోనూ, మూలల దుమ్ములోనూ ఉంటాయి. అది పిల్లి పేగుల్లోకి నాడా పురుగును కూడా చేరుస్తుంది. పిల్లికి పిల్లి మందే, దాని బరువుకు తగినదే వేయాలి. పెద్ద కుక్క మందులో నాలుగో వంతు వేస్తే సరిపోతుందన్న లెక్క లేనేలేదు.

వీధి కుక్కల సంగతి ఎత్తకుండా ముగిస్తే సగమే చెప్పినట్టవుతుంది. మా గేటుకు అవతల నాలుగు కుక్కలున్నాయి. వాటి మీంచి దిగిన పిడుదుకు ఎవరి ప్రహరీ అయినా ఒకటే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధి కుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, రేబీస్ టీకా వేయాలి. ఎలాగూ చేతికి చిక్కిన కుక్క నోట్లో ఆ పూటే ఒక పిడుదు మాత్ర కూడా వేస్తే వీధి మొత్తానికి కొన్ని వారాల ఊరట. ఇది మునిసిపాలిటీల వారు ఆలోచించవలసిన పని అని నా మనవి. మా వీధిలో మేము ముగ్గురం కలిసి ఆ నాలుగింటికీ మాత్రలు కొంటున్నాము. రొట్టెలో పెట్టి వేస్తే మూడు తింటాయి, నాలుగోది రొట్టె తిని మాత్ర ఉమ్మేస్తుంది. నన్నయగారి భారతం మొదట్లోనే ఏ తప్పూ చేయని కుక్కపిల్లను కొట్టిన కథ ఉంది గదా, ఆ సరమ సంతతిదే అయి ఉంటుంది, మనుషులిచ్చేది ఏదీ నమ్మదు.

నిన్న రాత్రి ఆ మిత్రుడు మళ్ళీ ఫోను చేశారు. కుక్కను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారట, రక్తం పరీక్షకు ఇచ్చారట, మాత్ర వేశారట. వాళ్ళింట్లో పిల్లి కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది. దానికి మందు ఇవ్వడానికి బరువెంతో కావాలన్నారట డాక్టరుగారు. "అది తక్కెడలో కూర్చోదండీ, ఎలా తూచడం?" అని అడిగారు. పిల్లిని ఎత్తుకుని మీరు తూకం యంత్రం ఎక్కండి, తరవాత దించేసి మీరొక్కరూ ఎక్కండి, రెండోది మొదటిదాంట్లోంచి తీసేయండి అని చెప్పాను.